ఆదివాసీ అనాలా, గిరిజనులు అనాలా, కోయితుర్ అనాలా? వాళ్ళను వాళ్ళేమని పిలుచుకుంటరు?

కరీంనగర్_లెక్చరర్:

అందరికి నమస్తే. నేను డిగ్రీ కాలేజీల తెలుగు చెప్త, మాది కరీంనగర్, ఈ మధ్యనే ఆసిఫాబాద్ దిక్కు ట్రాన్స్‌ఫర్ అయ్యి వచ్చిన. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి కాలేజీల ప్రోగ్రాం చేసి చిన్న సావనీర్ వేద్దామనుకున్నరు, తెలుగు సార్ అంటే ఇంకేముంది, పనంత నా మీదనే వడ్డది. ముందుమాట రాసి "మన గిరిజన సోదరుల సంస్కృతి" అని హెడ్డింగ్ పెట్టి క్లాసుల చదివి వినిపించిన. సెకండియర్ పిల్ల ఒకామె లేచి గిరిజనులు వద్దు సార్, ఆదివాసీలు అని పెట్టుండ్రి అన్నది. సరే అని మార్చబోతుంటే ఎనక బెంచీల తండా పిల్లగాడు మరి మేమేడికి వోవాలె సార్ అన్నడు. ఇంకొకడు లేచి అసల్ గోండు అనుడు గూడ బయటోళ్ళు పెట్టిన పేరే సార్, మేం కోయితుర్‌లం అన్నడు. ఇగ క్లాసు క్లాసంత లొల్లి.

ఆఫీసుల రిజిస్టర్ తీస్తే ఎస్టీ గోండు, ఎస్టీ కోలాం, ఎస్టీ నాయక్‌పోడ్, ఎస్టీ లంబాడీ అని ఉన్నది. బోర్డు మీద గిరిజన సంక్షేమం అని ఉంటది, పేపరోళ్ళు పొద్దుగాల గిరిజనులు అంటరు సాయంత్రం అడవిబిడ్డలు అంటరు, ఊళ్ళె మీటింగ్ వెడితే ఫ్లెక్సీ మీద ఆదివాసీ అని ఉంటది. వాట్సాప్‌ల ఒకాయన వనవాసీ అని పంపిండు. ఎవరన్న అక్కడోళ్ళు, లేకపోతే ఈ సంగతి చదివినోళ్ళు ఉంటే జెర చెప్పుండ్రి. ఎవ్వర్ని నొప్పియ్యాలని లేదు, అట్లని గోడమీది పిల్లి లెక్క ఏదో మాట పెట్టి తప్పించుకునుడు గూడ ఇష్టం లేదు.

ఉట్నూర్_పిల్లగాడు:

రాం రాం సార్. నేను గోండునే, ఉట్నూర్ దిక్కు. మీ క్లాసుల పిల్లగాడు చెప్పింది నిజమే, మా భాషల మేం గోండు అనుకోం, కోయితుర్ అనే అనుకుంటం. గోండు అనేది మొగలుల కాలం రాతల్లనే ఉన్నది, రాణీ దుర్గావతి 1564ల యుద్ధంల చచ్చిపోయిననాటికే మమ్మల్ని అట్లనే అంటున్నరు. భూగోళం పుస్తకంల కోట్ల ఏండ్ల కిందటి ఖండానికి గూడ గోండ్వానా అని పెట్టిండ్రు కదా, అది మా ప్రాంతం పేరే. అందుకే గోండు అంటే మాకు తిట్టు అనిపించదు, చందా (ఇప్పటి చంద్రపూర్) రాజులు ఏలిన పేరది, సర్టిఫికెట్ల ఉన్నది గూడ అదే. ప్రభుత్వం లిస్టుల చూస్తే "గోండు, నాయక్‌పోడ్, రాజగోండు, కోయితుర్" అని ఒక్క లైన్ల నాలుగు పేర్లు పెట్టిండ్రు, అంటే మా పేరు మాకు కాయితం మీద గూడ ఉన్నది కానీ ఎమ్మార్వో ఆఫీసుల కోయితుర్ అని రాయమంటే రాసేటోడు నాకైతే కనవడలే.

మీకు ఒక సంగతి చెప్త, బయటోళ్ళకు తెల్వదు. మా పెద్దోళ్ళు ఇద్దరు కొత్తగ కలిస్తె నువ్వు గోండువా అని అడగరు, అది అడుగుడేంది, చూస్తెనే తెలుస్తది. ఇంటిపేరు అడుగుతరు. ఆత్రమా, సిడామా, తొడసమా, పేందోరా అని. ఇంటిపేరు చెప్తె ఎన్ని దేవుళ్ళ సగానో లెక్క కడతరు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు అని ఉంటయి, సగా ఒక్కటైతె అన్నదమ్ముల లెక్క, పిల్లనిచ్చుకునుడు ఉండదు. సగా తెల్సినంక ఎవరు బావ ఎవరు అన్న అని వరుస వెట్టి పిలుచుకునుడు మొదలైతది, చాయ్ అప్పుడు వస్తది. అంటే మాకు అసలు పేరు అనేది ఇంటిపేరు కాడ ఉన్నది. కెస్లాపూర్ నాగోబా జాతర ఎంతమంది చూసిన పూజ చేసేది మెస్రం ఇంటోళ్ళే, పుష్య అమావాస్య నాడు కొత్త కోడళ్ళను దేవునికి చూపెట్టి ఇంట్ల కలుపుకునేది గూడ మెస్రం ఇంటోళ్ళే. మీరు సావనీర్ల "గిరిజనుల నాగోబా జాతర" అని రాస్తే అందుల మెస్రం పేరే ఉండదు.

ఇంటిపేర్లు సక్కగ రాయుండ్రి సార్, మీరు తెలుగు సార్ కాబట్టి అడుగుతున్న. భీం దాదాది కుమ్ర ఇంటిపేరు, మేం కుమ్రం అంటం. 1940ల జోడేఘాట్ల పోలీసులు కాల్చి చంపినప్పటి నుంచి ఆయన పేరు పుస్తకాలల్ల, సినిమాలల్ల కొమరం అయ్యింది, కొమురం అయ్యింది. 2016ల జిల్లా పెట్టినప్పుడు గూడ కొమరం భీం అనే పెట్టిండ్రు. ఇప్పుడు సర్కారు వెబ్‌సైట్ల కుమురం అని ఉన్నది, కొంచెం దగ్గరికి వచ్చింది. ఆయన పేరు మీద జిల్లా ఉన్నది, విగ్రహాలున్నయి, ఇంటిపేరు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తరు.

ఇగ గిరిజనులు అనే మాట. మా తాతల ఏజ్ వాళ్ళకు అది మామూలే, ఆఫీసు మాట, ఐటీడీఏ మాట. మా ఈడోళ్ళకు ఎందుకు ఎక్కదంటే పేపర్ల అది ఎప్పుడు ఒంటరిగ రాదు, దాని ముంగట "అమాయక" అని ఉంటది. అమాయక గిరిజనులు. ఊర్ల అప్పుకు భూమి పోయిందంటే అమాయక గిరిజనులు, జొరమొస్తె అమాయక గిరిజనులు. భూమి ఎవని పేరు మీదికి పోయింది, ఏజెన్సీ భూమి బయటోళ్ళకు పోవద్దనే 1/70 చట్టం ఉండంగ ఎట్ల పోయింది అని అడిగేటోడు లేడు. ఆదివాసీ అంటే ఆ అమాయక అతకదు, గందుకే మేం ఆదివాసీ అంటం.

మీరు అందర్ని కలిపి ఒక్క మాట అనాల్సి వస్తె ఆదివాసీలు అనుండ్రి, ఒక్కొక్కల గురించి రాసేటప్పుడు గోండు, కోలాం, తోటి, పర్ధాన్, నాయక్‌పోడ్ అని వాళ్ళ పేరుతోని రాయుండ్రి. వనవాసీ మాత్రం వద్దు, అడవిల ఉండేటోడు అంటే కోతి గూడ ఉంటది.

మనోడే_మావా:

అందరం ఇండియన్సే కదా బాసూ, ఈ పేర్ల గొడవ ఏంటో. మనిషిని మనిషిలా చూస్తే చాలు.

ఉట్నూర్_పిల్లగాడు:

చూడుండ్రి అన్నా, వద్దన్నది ఎవరు. మీ ఇంటిపేరు నేను తప్పు రాసి పెండ్లిపత్రిక అచ్చేయిస్త, అప్పుడు గూడ మనిషి మనిషే అని ఊకుండుండ్రి.

తండా_పోరడు:

జై సేవాలాల్. లెక్చరర్ సార్, మీ ఎనక బెంచి పిల్లగాడు అడిగిన ప్రశ్నకు పై అన్న జవాబు చెప్పకుండ దాటేసిండు. గోండు, కోలాం, తోటి, పర్ధాన్ అని లిస్టు చెప్పిండు, మా పేరు లేదు అందుల. అది మర్చిపోయి కాదు. మన జిల్లాల 2017 నుంచి ఆదివాసీ అంటే లంబాడీలు కానోళ్ళు అని అర్థం చేసిండ్రు, అందుకే ఆ మాట ఫ్లెక్సీ మీద చూస్తే మా పిల్లలకు గుండెల కలుక్కుమంటది. గిరిజన అంటే అందుల మేం ఉంటం. ఆ మాట మీద నాకు ప్రేమ ఏం లేదు కానీ అది తీసేస్తే మమ్మల్ని బయట నిలవెట్టినట్టు అయితది.

మమ్మల్ని మేమేమంటమో గూడ చెప్త. మేం గోర్. గోర్మాటి అంటం, భాష గోర్ బోలి. మేం కానోళ్ళను కోర్ అంటం, అంటే మీరందరు కోర్ అన్నట్టు, ఫీల్ కాకుండ్రి. లంబాడీ, సుగాలి, బంజారా, లంబాణి, అన్నీ బయటోళ్ళు పిలిచిన పేర్లే, మేం గూడ అలవాటు పడ్డం. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం ఏసుకొని దక్కన్ అంత తిరిగినం, మొగలు సైన్యాలకు నిజాం సైన్యాలకు గింజలు మోసినం, పోయిన కాడల్లా ఒక పేరు వెట్టిండ్రు. దాని ఎఫెక్ట్ ఇప్పటికి ఉన్నది. మా పెద్దనాన్న కొడుకులు అనంతపురం దిక్కు ఉంటరు, వాళ్ళ సర్టిఫికెట్ల సుగాలి. మాది లంబాడీ. రెండు ఎస్టీనే. బార్డర్ దాటి కర్ణాటక పోతే అదే మనిషి ఎస్సీ, మహారాష్ట్ర పోతే విముక్త జాతుల లిస్టు. మాకు పిల్లనిచ్చిన ఇల్లు నాందేడ్‌ల ఉన్నది, ఒకటే గోత్రాలు, ఒకటే పాట, ఒకటే తీజ్ పండుగ, కాయితం వేరు. తెలంగాణల గూడ 1976లనే మమ్మల్ని ఎస్టీల కలిపిండ్రు, మమ్మల్ని ఎస్టీ లిస్టుల నుంచి తీసెయ్యాలె అనే ఇప్పటి లొల్లంత ఆ సంవత్సరం చుట్టే తిరుగుతది.

తండా అని మా ఊరికి పేరు, అది పెట్టుండ్రి చాలు. "లంబాడోళ్ళు" అని మాత్రం అనకుండ్రి, ఆ "డోళ్ళు" ఎందుకు పెడతరో మాకు తెల్సు.

ఉట్నూర్_పిల్లగాడు:

తమ్మీ నేను దాటేయలే, మీ పేరు నేను చెప్తె బాగుండదని ఊకున్న, మీరే చెప్పిండ్రు మంచిగైంది. రిజర్వేషన్ ముచ్చట ఈడ తెగదు, కోర్టుల ఉన్నది కోర్టుల ఉండనీ. కానీ ఒక్కటి చెప్త, మాకు ఆదివాసీ అనే మాట మీ మీద కోపంతోని పుట్టలే, అది అంతకుముందు నుంచే ఉన్నది.

తండా_పోరడు:

పుట్టింది ఎందుకో నాకు తెల్వదు అన్నా, ఇప్పుడు వాడేది ఎందుకో తెల్సు. సరే ఉండనీ. దసరాకి వస్త ఉట్నూర్, కలుద్దాం.

పాత_కాగితాలు:

ఆదివాసీ అనే మాట ఎప్పటిదన్న సంగతి వచ్చింది కాబట్టి చెబుతా, నాకు ఈ పాత చర్చలు చదివే పిచ్చి ఉంది. 1938లో ఛోటానాగ్‌పూర్‌లో, అంటే ఇప్పటి జార్ఖండ్ వైపు, ఆదివాసీ మహాసభ ఏర్పడింది, మరుసటి ఏడు నుంచి జైపాల్ సింగ్ ముండా దానికి అధ్యక్షుడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ టీం కెప్టెన్ ఆయనే, అది మన స్కూలు పుస్తకాల్లో ఎందుకుండదో నాకు ఎప్పటికీ అర్థం కాదు. రాజ్యాంగ సభలో 1946 డిసెంబర్‌లో లేచి, నేను జంగ్లీనని చెప్పుకోవడానికి గర్వపడతాను, మా వైపు మమ్మల్ని పిలిచే పేరు అదే అన్నాడు. అంటే తిట్టుని తీసుకుని సభ మధ్యలో పెట్టాడు. తర్వాత అనువాదాల్లో ఆదివాసీ అనే మాట ఎక్కడా లేకపోవడం చూసి, వనజాతి అని రాయడం చూసి గట్టిగా అభ్యంతరం చెప్పాడు. అంబేద్కర్ వైపు లెక్క వేరే, ఆదివాసీ అనేది జనరల్ మాట, చట్టం దృష్టిలో దానికి ఫలానా అని అర్థం లేదు, షెడ్యూల్డు తెగ అంటే లిస్టు ఉంటుంది, ఎవరు ఉన్నారో తెలుస్తుంది అని. లాయరుగా ఆలోచిస్తే ఆయన మాట కరెక్టే, ఆ లిస్టు వల్లనే ఈరోజు మీ స్టూడెంట్లకి సీటు వస్తోంది. మనిషిగా ఆలోచిస్తే జైపాల్ సింగ్ మాట కరెక్ట్. నన్నడిగితే ఆ రోజు జైపాల్ సింగ్‌కి ఇవ్వాల్సింది ఇవ్వలేదు, ఒక్క మాట కలిపితే పోయేదేముంది. చివరికి హిందీలో అనుసూచిత జనజాతి అయింది, మనకి షెడ్యూల్డు తెగలు అయింది.

గిరిజన అనేది మాత్రం అధికారుల మాటగానే పాతుకుపోయింది, 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పెట్టారు, ఇప్పుడు అరకు కాఫీ తేనె అమ్మేది అదే, అలా చింతపండు, కుంకుడుకాయ, తేనె కొనే చోట నుంచి ఆ మాట ప్రతి గూడేనికీ వెళ్ళింది. వనవాసీ వెనక కూడా రాజకీయం ఉంది, ఆది నుంచి ఉన్నవాళ్ళు అని ఒప్పుకుంటే మిగతావాళ్ళు తర్వాత వచ్చారని ఒప్పుకోవాలి, ఆ పేచీ రాకుండా వనంలో ఉన్నవాళ్ళు అంటే సరిపోతుంది.

ఇంకో తమాషా చూడండి. మీరు చేసేది ఆగస్టు 9, ఐక్యరాజ్య సమితి పెట్టిన రోజు, మనవాళ్ళు దాన్ని ఆదివాసీ దినోత్సవం అంటారు. 2007లో ఆదివాసీల హక్కుల ప్రకటనకి ఇండియా ఓటు వేసింది కూడా, వేస్తూనే మా దేశంలో అందరూ మూలవాసులే అని ఒక మాట తగిలించింది. కేంద్రం 2021 నుంచి బిర్సా ముండా పుట్టినరోజు నవంబర్ 15ని జనజాతీయ గౌరవ దివస్ అంటోంది. రెండు రోజులు, రెండు పేర్లు. మీ ప్రిన్సిపాల్ గారు ఏ రోజుకి బడ్జెట్ ఇస్తారో దాన్ని బట్టి కూడా హెడ్డింగ్ మారిపోతుంది, చూసుకోండి.

పాలకొండ_బాబాయ్:

మాది పాలకొండ, సీతంపేట ఏజెన్సీ స్కూళ్ళలోనే సర్వీసంతా అయిపోయింది, ఇప్పుడు రిటైరయి ఇంటికాడ కూకున్నాను కాబట్టి రాత్తన్నాను. మా వైపు సవరలు. వోళ్ళు వోళ్ళని సవర అనుకోరు, సోర అనుకుంటారు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి వోళ్ళ భాష నేర్చుకుని 1931లో పుస్తకం ఏసినప్పుడు సోర అనే ముందు పెట్టి, సవర అని పక్కన పెట్టేరు. తొంభై ఏళ్ళ కిందట ఒక తెలుగు పంతులు అడిగి తెలుసుకుని రాసింది మన ఆఫీసుల్లో నేటికీ ఎవరికీ పట్టలేదు. ఆ తరవాత 1936లో మంగెయి గొమాంగో అనే ఆయన సోర భాషకి సొంత లిపి కూడా చేసేడు, సోరంగ్ సోంపెంగ్ అంటారు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నేను రోజూ చూసిందే. అటెండెన్స్ రిజిస్టర్లో సవర అప్పన్న, సవర లక్ష్మి, సవర గయ్య అని క్లాసు సగం ఒకే ఇంటిపేరు ఉంటాది. మొదట్లో అందరూ చుట్టాలేమో అనుకునీవోళ్ళం. ఏటి కాదు. బడిలో చేర్చిన రోజున ఇంటిపేరు ఏటని అడిగితే వోళ్ళ పద్ధతిలో మనలా ఇంటిపేరు ముందు పెట్టుకునీది లేదు, పంతులుకి గడి ఖాళీ వొదల్డం ఇష్టం లేదు, జాతి పేరు తీసి అందులో రాసీసేడు. అలా తెగ పేరు ఇంటిపేరైపోయింది. ఆధార్ వొచ్చేక అదే ఖాయమైపోయింది. ఇప్పుడా పిల్లలు విశాఖపట్నం కాలేజీలకెళ్తే పేరు పిలవగానే హాలందరికీ తెలిసిపోతాది. జాతాపులకి అలాగ కాదు, నిమ్మక, బిడ్డిక, ఆరిక, పువ్వల అని వోళ్ళ ఇంటిపేర్లు వోళ్ళకున్నాయి. పక్కపక్క గూడలే, ఒక్క గడి దగ్గిర ఎంత తేడా వొచ్చిందో చూడండి.

ఆదివాసీనా గిరిజనా అని అడిగితే మా వైపు ముసిలోళ్ళు ఏటో ఒకటి రాసుకో బాబూ అంటారు. కుర్రోళ్ళు ఆదివాసీ అంటారు. జిల్లాకి మాత్రం 2022లో పార్వతీపురం మన్యం అని పెట్టేరు, అది అందరికీ నచ్చింది, కొండ ప్రాంతం పేరు కదా, ఎవరికీ నొప్పి లేదు.

గోదారి_గట్టు:

నేను కోయ అమ్మాయిని, భద్రాచలం అవతల, ఇప్పుడు ఆంధ్రలో కలిసిన మండలాల్లో మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. పైన గోండు అన్న చెప్పింది చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే మేము కూడా కోయతోర్ అనే అంటాం. ఆదిలాబాద్ గోండులు, మేము, అవతల బస్తర్ వాళ్ళు, అందరం దాదాపు ఒకే మాటతో మమ్మల్ని మేము పిలుచుకుంటాం. బయటివాళ్ళు వేరే వేరే పేర్లు పెట్టి వేరే వేరే లైన్లలో రాశారు.

నాకు గిరిజన, ఆదివాసీ కంటే పెద్ద ప్రాబ్లం "కోయదొర". హైదరాబాద్‌లో హాస్టల్‌లో చేరిన కొత్తలో నేను కోయ అని చెప్తే రూమ్మేట్స్ చేయి చాపి మా జాతకం చెప్పవా అన్నారు, నిజంగా. సినిమాల్లో నెత్తిమీద ఈకలు, మెడలో పూసలు, "కొండదేవర పలుకుతుండాడు" అని వంకర తెలుగు, రోడ్డు పక్కన వేర్లు నూనెలు అమ్మేవాళ్ళు, ఇదే కోయ అంటే. మా ఊళ్ళో నేను జాతకం చెప్పేవాళ్ళని ఒక్కళ్ళని చూడలేదు, విత్తనాల పండగకి పూజ చేసే పెద్దమనిషి ఉంటాడు, ఆయన మేడారం జాతరలో పూజ చేసే వడ్డెలాంటివాడు, ఆయన్ని ఎవరూ సినిమాలో పెట్టరు. మా భాషని ఎక్కిరించడానికి "ఏంది కోయ భాషలో మాట్లాడుతున్నావ్" అని అర్థం కాని మాటకల్లా వాడతారు. మీరు క్లాసులో అడగండి సార్, ఎంతమంది ఆ మాట వాడారో.

ఇంకొకటి గొత్తికోయలు. పేపర్లో రోజూ చూస్తారు, "గొత్తికోయల గుడిసెలు తొలగించిన అటవీ అధికారులు" అని. 2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టుల మీదకి ప్రభుత్వం అండతో నడిపిన దళాలు) అప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వీళ్ళు. వాళ్ళని అడగండి మీరెవరు అంటే, గొత్తికోయ అనరు, కోయ అనో మురియా అనో చెప్తారు. ఈ పేరు ఇక్కడివాళ్ళు పెట్టిందే. అక్కడ ఎస్టీ, ఇక్కడ సర్టిఫికెట్ లేదు, అది లేకపోతే పోడు పట్టా లేదు, పిల్లలకి హాస్టల్ సీటు దగ్గర్నుంచి తిప్పలే. మా మాట వాళ్ళకి అర్థమవుతుంది, వాళ్ళ మాట మాకు అర్థమవుతుంది, సంతలో కలిస్తే కుశలం అడుగుతాం. కానీ మా వాళ్ళలో కూడా కొందరు వాళ్ళు వేరే మేము వేరే అంటారు, భూమి తక్కువైనప్పుడు అందరూ అలాగే అంటారు అనుకుంటా.

మంచుదేశంలో_మనోడు:

కెనడా విన్నిపెగ్ నుంచి. ఈ థ్రెడ్ చదువుతుంటే ఇక్కడ ఆఫీసులో జరిగే డిస్కషన్ లానే ఉంది. మన తెలుగు పుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని చదువుకుని వచ్చాం కదా, ఇక్కడ ఆ మాట అంటే గది మొత్తం సైలెంట్ అయిపోతుంది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అని మూడు వేరే వేరే, ఇన్యూట్‌ని ఎస్కిమో అనకూడదు. కానీ చట్టం పేరు ఇప్పటికీ ఇండియన్ యాక్టే, 1876ది, దాన్ని బట్టి ఇచ్చే కార్డు మీద కూడా ఇండియన్ అనే ఉంటుంది. నాతో పనిచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన తనని తాను ఇండియన్ అనే అంటాడు, చిన్నప్పటి అలవాటు, నన్ను చూపించి వీడు ఒరిజినల్ నేను డూప్లికేట్ అని జోకులేస్తాడు. ఆయన కూతురు మాత్రం ఒప్పుకోదు, అనిషినాబే అని చెప్తుంది. బయటివాళ్ళు వాళ్ళని ఓజిబ్వే అంటారు, క్రీ వాళ్ళు తమని తాము నెహియావ్ అంటారు. ఆయన అనొచ్చు, నేను అనకూడదు, అంతే రూల్, నాకు అర్థం కావడానికి టైం పట్టలేదు, మన దగ్గర కూడా కొన్ని మాటలు ఇంట్లోవాళ్ళు అంటే ఒకటి, పక్కింటివాడు అంటే ఇంకొకటి కదా.

మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కి ఈకల టోపీలు పెట్టి పంపుతారు ఇంకా. మనం కోయదొర వేషం వేయించిన బాపతే, మారలేదు.

పాత_కాగితాలు:

గోదారి_గట్టు గారూ, లిస్టులో కోయల కింద గుట్ట కోయ అని ఒకటి ఉంది కదా, దాన్ని వీళ్ళకి వర్తింపచేయొచ్చు అని కొందరు వాదిస్తారు. కానీ వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకి ఎస్టీ హోదా వెంట రాదు, అక్కడే ఆగిపోతుంది. పేరు దొరికినా కాయితం దొరకదు. లిస్టులో కోలాం పక్కన కోలవార్ అని, కొండదొర పక్కన కూబి అని, కోదు వాళ్ళ కింద కువింగ అని వాళ్ళు తమని పిలుచుకునే పేర్లు కూడా చేర్చారు, అది మాత్రం మంచి పని, ఎవరూ చెప్పుకోరు.

కరీంనగర్_లెక్చరర్:

ఇంత మంది ఇంత ఓపికతోని రాసిండ్రు, అందరికి దండాలు. నేనేం చేస్తున్ననో చెప్త. కవర్ మీద "ఆగస్టు 9" అని, కింద కాలేజీ పేరు, అంతే. లోపట పిల్లలు ఎవరి పేజీ వాళ్ళు రాస్తున్నరు, హెడ్డింగ్ గూడ వాళ్ళే పెట్టుకుంటరు, ఒకామె "మేము కోయితుర్" అని పెట్టింది, తండా పిల్లగాడు "గోర్ బోలిలో మా తాత చెప్పిన కథ" అని తెచ్చిండు, మస్తు రాసిండు. ముందుమాటల సమూహంగ చెప్పాల్సిన కాడ "ఆదివాసీ, బంజారా విద్యార్థులు" అని రెండు పేర్లు పెట్టిన. ప్రిన్సిపాల్ సార్ గిరిజన అంటే ఒక్క మాటల అయిపోతది కదా అన్నడు, ఒక్క మాట ఎక్కువైతే ఇంకు ఎంత అయితది సార్ అన్న, ఊకున్నడు.

డీటీపీ ఆయనతోనే తిప్పలు. కుమ్రం అని టైప్ చేస్తే ప్రూఫుల కుమారం అని వచ్చింది, దిద్ది పంపితే కొమరం అని వచ్చింది. తొడసంను తోడేలు చేసిండు. మూడోసారి నేనే పోయి పక్కన కూసున్న.

ఇంకొక ప్రశ్న, పిల్ల ఒకామె గోండి లిపిల టైటిల్ పెడదామంటున్నది, అది ఫోన్ల కంప్యూటర్ల వస్తదా?

ఉట్నూర్_పిల్లగాడు:

వస్తది సార్. గుంజాల గోండి లిపి, మన నార్నూర్ మండలం గుంజాల ఊర్ల పాత రాతలు దొరికినయి, ఆ లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది. ఇంకొకటి మసరాం గోండి అని అటు మధ్యప్రదేశ్ దిక్కు వాడేది ఉన్నది, అది గూడ యూనికోడ్‌ల ఉన్నది, డీటీపీ ఆయన అది ఏస్తే మనోళ్ళు చదవలేరు. గుంజాల ఫాంటే కావాలని చెప్పుండ్రి. అచ్చుకు పోయే ముందు పీడీఎఫ్ నాకు ఒకసారి పంపుండ్రి, ఇంటిపేర్లు చూసి పెడత.

ఇంకొక మాట. ఈ థ్రెడ్ల కోలాం వాళ్ళు ఎవరూ రాయలే, చూసిండ్రా? మా గోండులోళ్ళం వాళ్ళను పూజారి అంటం, మా ఊర్లల్ల కొన్ని దేవుళ్ళకు వాళ్ళే పూజ చేస్తరు కాబట్టి. తెలుగోళ్ళు మన్నెవార్లు అంటరు. వాళ్ళు అనుకునేది కోలవార్. మీ క్లాసుల కోలాం పిల్లలు ఉన్నరంటిరి కదా, వాళ్ళను విడిగ పిలిచి అడుగుండ్రి. మా పిల్లలు పక్కన ఉంటే వాళ్ళు నోరు తెరవరు, మేమే వాళ్ళ తరఫున గూడ చెప్పేస్తం.